పాత జీపు ఇంజనుల పునరుద్ధరణము

మన పాఠశాల యున్న చిక్కపేట పట్టుచీరల అంగళ్ళకు పేరుగన్నది. ఇచ్చటి బాలబాలికలలో పలువురు జరీని వ్రేలితో తాకి దాని నాణ్యమును చెప్పగలరు. మన వీధినుండి ఆగ్నేయముగా నడచి టౌన్ హాలును చేరి, జె.సి. రోడ్డున ప్రవేశించినచో, అచ్చట మరియొక విధమైన నాణ్యపరీక్ష జరుగుచుండును. అంగళ్ళలో పిస్టనులు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు గుట్టలుగా నుండును. ప్రక్కసందులలో లేతు యంత్రముల చప్పుడు వినవచ్చును. కొడగు, చిక్కమగళూరు కాఫీతోటల జీపులును, హిందూపురము, మడకశిర ప్రాంతముల పల్లెజీపులును వైద్యమునకై ఈ దిక్కునకే వచ్చుచుండును. అట్టి పాత జీపుల ఇంజనులను తిరిగి నిలబెట్టు విధమును, వాని శక్తిని పెంచగోరువారు ఆలోచింపవలసిన సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచినాము. ఈ పనిలో మేము చేసిన యొక పొరపాటును గూడ దాచక చెప్పుదుము. ఏలయనగా పాఠమంతయు దానిలోనే యున్నది.

జీపు రెండవ ప్రపంచయుద్ధమున పుట్టిన బండి. విల్లీస్ వారి సైనికపు జీపు 1941 మొదలు 1945 వరకు తయారయ్యెను. మన దేశమున మహీంద్రావారు 1947లో బొంబాయిలో జీపులను కూర్చుట ప్రారంభించిరి. 1953లో అమెరికాలో వెలువడిన సి.జె.–3బి అను నమూనా అచ్చట 1968తో ఆగిపోయినను, దాని సంతతి మన దేశమున మరి కొన్ని దశాబ్దములు సాగినది. ముందుభాగము ఎత్తుగా నుండు ఈ జీపు మన పల్లెలలో ఎల్లరు నెరిగినదే. ఆ ఎత్తునకు కారణము అలంకారము గాదు, లోపలనున్న ఇంజను.

యుద్ధకాలపు ఇంజనులో వాల్వులన్నియు బ్లాకులో, సిలిండర్ల ప్రక్కన నుండెడివి. దాని శక్తి 60 అశ్వబలములు. పిమ్మట వచ్చిన 'హరికేన్' ఇంజనులో గాలిని లోనికి విడుచు వాల్వులను హెడ్డులోనికి, అనగా సిలిండర్ల పైకి మార్చిరి. పొగను బయటికి పంపు వాల్వులను మాత్రము బ్లాకులోనే యుంచిరి. లోపలికి వచ్చు మార్గము పెద్దదగుటచే శక్తి 75 అశ్వబలములైనది. ఇంజను పొడవు పెరిగినందున బానెట్టును పైకెత్తవలసి వచ్చినది. ఇంజనును మెరుగుపరచుట యన్న మాటకు ఇది మంచి ఉదాహరణము. సిలిండరు పరిమాణము ఏమాత్రము మారలేదు. శ్వాస మాత్రము సుగమమైనది.

దీని సిలిండరు వ్యాసము 3⅛ అంగుళములు, అనగా 79.4 మిల్లీమీటర్లు. పిస్టను కదలు దూరము 4⅜ అంగుళములు, అనగా 111.1 మిల్లీమీటర్లు. వ్యాసముకన్న నడక మిక్కిలి పొడవు. నిమిషమునకు 4,000 చుట్లు తిరుగునప్పుడు పిస్టను సగటున సెకనుకు 14.8 మీటర్లు పరుగెత్తవలెను. అంత పరుగు ఈ ముదుసలికి తగదు. తక్కువ వేగమున బలముగా లాగుటకే ఇది పుట్టినది. ఈ సంగతి నెరుగక, ఇంజను కొత్తదైనదిగదా యని హైవేమీద కార్లతో పందెము వేయువారు మరల ఆరునెలలలో జె.సి. రోడ్డునకు రాక తప్పదు.

ఇక మా పొరపాటు. హిందూపురము ప్రాంతపు పెద్దమనిషి యొకరు తమ తండ్రిగారి కాలపు జీపును మాకు చూపిరి. అది నీలిపొగ విడుచుచుండెను, నూనె త్రాగుచుండెను. మేము సిలిండర్ల పీడనమును పరీక్షించితిమి. ఆ పరీక్షా విధానమిది: ఇంజనును వేడెక్కనిచ్చి, ప్లగ్గులన్నియు తీసి, యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి, ఒక్కొక్క రంధ్రమున పీడనమాపకమును బిగించి, స్టార్టరుతో త్రిప్పవలెను. నాలుగు సిలిండర్లును పుస్తకములో వ్రాసినదానికన్న పదియవ వంతు తక్కువ చూపెను. సిలిండర్లన్నియు సమముగా నరిగినవని నిశ్చయించి, బ్లాకును బోరింగునకు పంపితిమి. తీసిన పిస్టనుల తలలపై '30' అను అంకె యున్నది. అనగా అంతకుముందే వ్యాసమును 30 థౌలు, అంగుళములో వేయింట ముప్పది వంతులు, పెంచియుండిరి. ఇంక మిగిలినది 40 ఒక్కటే. దానినిగూడ కోయించితిమి. కోతకుముందు పాత సిలిండర్ల నెవరైన కొలిచిరా యని మేమడుగలేదు, పనిచేసినవారును చెప్పలేదు.

కొత్త పిస్టనులతో కూర్చిన ఇంజను మృదువుగా నడచెను. కాని నంది కొండ దిగి, లోయలో మరల యాక్సిలరేటరు నొక్కగనే, వెనుకనుండి మునుపటివలెనే నీలిపొగ లేచెను.

అప్పుడొక వృద్ధ మేస్త్రి మా పీడనపు పట్టికను చూచి, "ఈ ఊళ్ళో ఏ ఇంజనైనా అంతే చూపిస్తుంది సార్, కొత్త బండికి పెట్టి చూడండి" అనెను. మేము తలవంచుకొంటిమి. ఏలయనగా, ఆ పాఠమును తరగతిలో ఏటేట చెప్పుచున్నవారము మేమే. బెంగళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్నది. సముద్రతీరమున వాయుపీడనము చదరపుటంగుళమునకు 14.7 పౌనులుండగా, ఇచ్చట సుమారు 13.2 పౌనులే. సిలిండరులోనికి వచ్చు గాలి పలుచనైనప్పుడు, ఎంత నొక్కినను ఫలితము అదే నిష్పత్తిలో తగ్గును. తీరమున 120 చూపు ఇంజను ఇచ్చట 107 లేక 108 చూపును. ఆ జీపు పుస్తకమును వ్రాసిన టొలీడో నగరము ఎత్తు సుమారు 600 అడుగులు. మనది 3,000 అడుగులు. పుస్తకములోని సంఖ్యకన్న మన సంఖ్య తగ్గుటలో వింతలేదు. నాలుగు సిలిండర్లును ఒకే వంతున తక్కువ చూపుటయే మమ్ము హెచ్చరింపవలసియుండెను. అరుగుదల సామాన్యముగా అంత సమముగా నుండదు.

మరి పొగ ఎచ్చటిది? హెడ్డులోని వాల్వుల గైడులది. ఈ ఇంజనులో లోపలికి విడుచు వాల్వులు పైన నున్నవని చెప్పితిమి గదా. వాని కాడలు జారు గైడులు అరిగినప్పుడు, హెడ్డుమీది నూనె ఆ సందులగుండ సిలిండరులోనికి దిగును. బండి పల్లమునకు దిగుచుండగా యాక్సిలరేటరు మూసియుండును; లోపల శూన్యము బలముగా నుండి నూనెను పీల్చును. మరల నొక్కినపుడు ఆ నూనె కాలి పొగయై వచ్చును. రింగులు అరిగినచో పొగ ఎత్తు ఎక్కునపుడు, బరువు లాగునపుడు హెచ్చుగా కనబడును. విద్యార్థులారా, పొగ రంగును మాత్రమే గాక, పొగ వచ్చు వేళను గూడ చూడవలెను. సిలిండరులోనికి చెంచాడు నూనె పోసి పీడనమును రెండవమారు కొలుచుట మరియొక ఉపాయము. సంఖ్య గణనీయముగా పెరిగినచో రింగుల యందును, పెరగనిచో వాల్వుల యందును దోషమని అనుమానింపవచ్చును. మేమా చెంచాడు నూనెను పోయలేదు.

బోరింగువలన శక్తి పెరుగునని పలువురు నమ్ముదురు. లెక్క చూడుడు. స్టాండర్డు కొలతలో నాలుగు సిలిండర్ల ఘనపరిమాణము సుమారు 2,199 ఘన సెంటీమీటర్లు. 40 థౌలు పెంచినపుడు వ్యాసము 80.4 మిల్లీమీటర్లై, ఘనపరిమాణము 2,256 అగును. లాభము 57 ఘన సెంటీమీటర్లు, అనగా నూటికి రెండున్నర వంతులకు కొంచెము పైన. దీనికై తరుగని సంపదవంటి ఇనుమును కోసివేయుట యెంత నష్టమో గ్రహింపుడు. నలువది దాటిన పిమ్మట సిలిండరులో స్లీవును, అనగా ఉక్కు లేక పోత ఇనుప గొట్టమును దిగవేయవచ్చును. కాని గోడ పలుచనై పగిలిన బ్లాకునకు అదియు నిలువదు. పైగా ఇంజను నంబరు బ్లాకుమీదనే యుండును. అదే నంబరు రిజిస్ట్రేషను పత్రమునందును ఉండును. బ్లాకు పోయినచో ఇనుము మాత్రమేగాదు, బండి గుర్తింపులో సగము పోవును.

కావున మొదట కొలువవలెను. సిలిండరును పైన, నడుమ, క్రింద మూడు చోట్ల, ఒక్కొక్క చోట అడ్డముగను నిలువుగను, డయలు గేజితో కొలువవలెను. పైరింగు తిరుగుచోట, పిస్టను ఒరయు ప్రక్కన, అరుగుదల హెచ్చు. పైకి క్రిందికి భేదము 10 థౌలకును, గుండ్రన తప్పుట 5 థౌలకును లోబడియున్నచో, ఈ తరగతి ఇంజనులకు హోనింగుచేసి కొత్త రింగులు వేయుట సామాన్యముగా చాలును. రింగును సిలిండరులో నుంచి, దాని కొనల నడిమి సందును ఫీలరు గేజితో చూడవలెను. వ్యాసపు ప్రతి అంగుళమునకు 4 థౌల చొప్పున లెక్కించిన ఇచ్చట 12 లేక 13 థౌలు వచ్చును. హోనింగు తరువాత పెట్రోలుతో తుడుచుట చాలదు. అది రాతిపొడిని రంధ్రములలోనికి త్రోయును. వేడినీటితో సబ్బుపెట్టి బ్రష్షుతో తోమి, తెల్లగుడ్డ తెల్లగనే మిగులువరకు కడిగి, వెంటనే నూనె పూయవలెను. ఈ పని మన ఇండ్లలో ఇత్తడి బిందె తోమువారికి చక్కగా వచ్చును. నీటి అరలలోని త్రుప్పును తీయుటయు మరువరాదు. పెక్కు జీపులు వేడెక్కుట రేడియేటరు దోషమున గాదు. నాలుగవ సిలిండరు వెనుక దశాబ్దములుగా పేరుకొన్న బురదవలన.

ఇంధనమును గూర్చి కొంచెము చెప్పవలెను. 2000 సంవత్సరపు ఫిబ్రవరినుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. సీసము వాల్వుల పీటలకు కొంత రక్షణ నిచ్చుచుండెను. అందుచే హెడ్డును, బ్లాకును విప్పినప్పుడే గట్టి లోహపు పీటలున్నవో లేవో చూచి, లేనిచో వేయించుట మేలు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. పాత రబ్బరు గొట్టములును, పెట్రోలు పంపులోని పొరయు దీనిచే మెత్తబడి చెడును. ఇథనాలుకు తట్టుకొను గొట్టములు వేయుట అల్పవ్యయము. వేయకపోవుట అగ్నిప్రమాదమునకు దారి.

శక్తి పెంచుటకై డీసెలు ఇంజను వేయవలెనను కోరిక సర్వసాధారణము. మహీంద్రావారే ఆ మార్గము త్రొక్కిరి. ప్యూజో రూపకల్పనయైన 2,112 ఘన సెంటీమీటర్ల డీసెలు ఇంజనును జీపులలో అమర్చిరి. అయితే కర్మాగారము ఇంజను మార్చునప్పుడు స్ప్రింగులను, రేడియేటరును, గేరుల నిష్పత్తిని గూడ ఆలోచించును. మనము ఇంజను నొక్కదానినే చూతుము. అమెరికా సి.జె.–3బి ఇరుసు నిష్పత్తి 5.38. గంటకు 60 కిలోమీటర్లు పోవుటకే ఇంజను సుమారు 2,370 చుట్లు తిరుగవలెను. ఇంత బలమైన ఇంజను వేసినను, ఇరుసు మార్చనిచో వేగము రాదు. మార్చినచో బ్రేకులు చాలవు. ఒక మార్పు మరియొకదానిని పిలుచును.

సైన్యపు జోంగాల సంగతి ఇంతకన్న పెద్దది. నిస్సాన్ పెట్రోలు నమూనాపై జబల్పూరులో 1969 మొదలు 1999 వరకు తయారైన ఆ బండిలో ఆరు సిలిండర్లు, 3,956 ఘన సెంటీమీటర్ల ఇంజను. వేలములో కొన్నవారు పెట్రోలు ఖర్చునకు భయపడి దానిని తీసివేసి ఏదో లారీ డీసెలును దించుటయు, పిమ్మట ముందు ఇరుసు బరువునకు వంగుటయు మేము చూచినాము. మా అభిప్రాయమున ఆ ఆరు సిలిండర్ల యంత్రమును తీసి తుక్కునకు వేయుట పాపము.

చట్టము మాట గలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చుటకు వీలులేదు. ఇంజను మార్పునకు అధికారుల అనుమతిని ముందుగా పొందవలెను. సొంతబండికి పదునైదేండ్లు నిండిన పిమ్మట ఐదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరించునప్పుడు అధికారి టార్చిలైటుతో నంబరును వెదకును.

హిందూపురపు జీపునకు గైడులు మార్పించితిమి. ఆ ఖర్చు మేమే భరించితిమి. నూనెనంతయు జల్లించు ఫిల్టరును అదనముగా అమర్చితిమి, ఏలయనగా ఈ ఇంజనుల పాత ఫిల్టరు గుండ నూనెలో కొంతభాగమే ప్రవహించును. పెద్దమనిషి మమ్మొక్క మాటయు ననలేదు. తీసివేసిన నాలుగు పిస్టనులను వార్తాపత్రికలో చుట్టుకొని తీసికొనిపోయిరి. మొదటి ఐదువందల మైళ్ళు మెల్లగా నడపి, పిమ్మట హెడ్డు బోల్టులను మరల బిగించుటకు రమ్మని చెప్పితిమి. మొన్న వారు ఫోనుచేసి, ఇంకను నూట ఇరువది మైళ్ళు మిగిలియున్నవనిరి.