మింగిన వస్తువు పేగులో చిక్కితే: ఆరోగ్యశ్రీ కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

ఇంట్లో చిన్నపిల్లలు గానీ, వయసు పైబడిన పెద్దవాళ్లు గానీ ఉంటే ఈ పేజీని ఫోన్‌లో దాచుకోండి. రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద వైద్యం ఎలా పొందాలో చివర్లో ఉంది. ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలో ముందు చెప్తాం. ఇలాంటప్పుడు కార్డు కన్నా టైమే ముఖ్యం.

పిల్లలు మింగినవి చాలావరకు కడుపులోకి దిగాక వాటంతట అవే మలంతో పోతాయి. రూపాయి బిళ్లో, గుండీనో మింగిన పాప మామూలుగా తింటూ ఆడుకుంటుంటే కంగారు అక్కర్లేదు. అయినా ఎక్స్‌రే తీయించండి. అది ఆహారనాళంలో ఆగిందో, కిందికి దిగిందో పైకి చూస్తే తెలియదు.

బటన్ బ్యాటరీ సంగతి వేరు. రిమోట్లలో, గడియారాల్లో, జాతరలో కొనే లైటు బొమ్మల్లో ఉండే గుండ్రటి బిళ్ల అది. ఆహారనాళంలో చిక్కితే 2 గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. "అయిపోయిన బ్యాటరీయే కదా" అనుకోవద్దు, వాడేసిన దానిలోనూ కాల్చేంత కరెంటు మిగిలి ఉంటుంది. ఎక్స్‌రేలో ఇది నాణెంలాగే కనిపించొచ్చు. అందుకే బ్యాటరీ అనే అనుమానం ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. అలాంటిదే ఇంకొకటి ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లండి.

అయస్కాంతాలు పేగులకు ఇంకా ప్రమాదం. రెండు మింగితే పేగు ఒక మడతలో ఒకటి, ఇంకో మడతలో ఇంకొకటి ఆగి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుకు రక్తం అందక చిల్లు పడుతుంది. మొదటి రోజు పిల్లాడు హుషారుగానే ఉండొచ్చు. అది చూసి ఆగిపోవద్దు. నీళ్లలో ఉబ్బే రంగురంగుల జెల్ గోళీలు కూడా ఇలాంటివే. పేగులో ఉబ్బి దారి మూసేస్తాయి, పైగా ఎక్స్‌రేలో కనపడవు. అవి ఇంట్లోకి తేకపోవడమే మంచిది.

పెద్దవాళ్ల విషయం మనం పెద్దగా పట్టించుకోం. మందుల షాపులో షీటు కత్తిరించి ఒక్కో గోళీ ఇస్తారు కదా, చూపు ఆనని తాత దాన్ని రేకుతో సహా మింగేస్తాడు. రేకు అంచు పేగును కోస్తుంది. చేప ముల్లు, కట్టుడు పన్ను కూడా అంతే. మింగిన సంగతి ఆయనకే గుర్తుండకపోవచ్చు, కడుపునొప్పి అని మాత్రమే అంటారు. గోళీని రేకులోంచి తీసి చేతికివ్వండి.

కడుపు ఉబ్బి గట్టిపడటం, తగ్గని నొప్పి, ఆకుపచ్చ వాంతులు, జ్వరం, మలంలో రక్తం లేదా నల్లటి మలం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పేగు అడ్డుపడిందనో, చిల్లు పడిందనో అనుమానించాలి. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు. అరటిపండు, అన్నం ముద్ద పెట్టి కిందికి నెట్టాలని చూడొద్దు, విరేచనాల మందు అసలే వద్దు. కడుపు నిండా తిన్నాక మత్తు ఇవ్వడం డాక్టర్లకు కష్టం.

ఇక పథకం. ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ఆరోగ్యశ్రీ ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో గానీ చేరగానే ఆరోగ్యమిత్రను కలవండి. మీ కేసు పథకం జాబితాలోకి వస్తుందో లేదో ఆయన చూసి చెప్తారు. వస్తే ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయల వరకు నగదు కట్టే పని లేదు. అత్యవసరమైతే ఆసుపత్రివాళ్లు ఫోన్‌లోనే అనుమతి తీసుకోవచ్చు. రేషన్ కార్డు ఇంట్లో మర్చిపోయామని వెనక్కి వెళ్లకండి, వెనక వచ్చేవాళ్లను తెమ్మనండి. పథకం లేని ఆసుపత్రిలో చేరితే బిల్లు మీదే అవుతుంది. కాబట్టి దగ్గర్లో ఏది ఉందో 108 సిబ్బందినో, 104కు ఫోన్ చేసో అడగండి. డిశ్చార్జ్ తర్వాత 10 రోజుల మందులు కూడా ప్యాకేజీలోనివే, బయట కొనుక్కోమంటే ఆరోగ్యమిత్రకు చెప్పండి.