మామల్లపుర యాత్ర: విడువదగినవి, విడువరానివి

చెన్నపట్టణమున నివసించు మన తెలుగు కుటుంబములలో మామల్లపురమునకు ఒక్క పర్యాయమైనను పోనివారు అరుదు. తూర్పు తీరపు రోడ్డు వెంట దక్షిణముగా ఇంచుమించు 60 కిలోమీటర్లు పోయినచో ఆ ఊరు వచ్చును. ఉదయము బయలుదేరి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. కాని తిరిగివచ్చిన పిల్లవానిని “ఏమి చూచితివిరా?” అని అడిగినచో “వెన్నముద్ద రాయి, గుఱ్ఱము, గవ్వల దుకాణము” అని చెప్పి ఊరకుండును. ఇది పిల్లల లోపము కాదు. వారిని ఎక్కడ నిలిపితిమో అదియే వారు చూచినారు.

నలుగురుగల కుటుంబము ఒక ఆదివారము ఇట్లు పోయివచ్చుటకు అగు వ్యయము మనలో చాలమందికి తేలికయైనది కాదు. ఆ ధనములో అధిక భాగము దేనికి పోవుచున్నదో లెక్క వేసినచో ఆశ్చర్యము కలుగును. శిల్పములకై చెల్లించు ప్రవేశ రుసుము అందులో అత్యల్పము. 15 ఏండ్లలోపు పిల్లలకు అదియును లేదు. సముద్రతీరాలయమునకు కొన్న టికెట్టే అదే దినమున పంచరథములకును చెల్లును. మిగిలినదంతయు గుఱ్ఱపు స్వారికిని, నిమిషములో తీసియిచ్చు ఫొటోలకును, రంగు పూసిన గవ్వల బొమ్మలకును, దారిలోని వినోదశాలలకును పోవుచున్నది. కనుక ముందుగా విడువదగిన వానిని చెప్పి, పిమ్మట కాలమును ఎక్కడ వెచ్చింపవలెనో చెప్పెదను.

వెన్నముద్ద రాయి శిల్పము కాదు. ఎండకు, వానకు వేల ఏండ్లు ఒరసి గుండ్రనైన సహజమైన బండ అది. ఇరువది అడుగుల ఎత్తుగల ఆ రాయి వాలు బండపై జారక నిలిచియుండుట వింతయే. కాని అయిదు నిమిషములకు మించి చూడదగినది అందులో లేదు. దానిని చేతితో మోయుచున్నట్లు ఫొటో తీయించుకొనుటకై జనులు ఎండలో వేచియుందురు. దాని క్రింది వాలుపై పిల్లలు జారి ఆడుకొందురు. ఆ జారుటకు మాత్రము నేను అడ్డు చెప్పను, అది డబ్బు ఖర్చులేని ఆట.

గవ్వల దుకాణములలో ఒక జాగ్రత్త అవసరము. పగడపు ముక్కలను, కొన్ని జాతుల శంఖములను అమ్ముటయు కొనుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధములు. ఏది నిషిద్ధమో మనకు తెలియదు గనుక ఏదియు కొనకుండుటయే సులభమార్గము. అంతగా కొనవలెనన్నచో ఊరిలోని శిల్పుల వద్ద వారు స్వయముగా చెక్కిన చిన్న రాతి బొమ్మను కొనవచ్చును. ఆ ఊరి వీధులలో నేటికిని ఉలి చప్పుడు వినబడుచుండును. 1957లో అచ్చట స్థాపింపబడిన ప్రభుత్వ శిల్ప కళాశాల నేటికిని పనిచేయుచున్నది. ఒక శిల్పి పని చేయుచుండగా పావుగంట నిలిచి చూచుటకు రుసుము లేదు.

ఇక మార్గదర్శకులు చెప్పు కథలు. పంచరథములలో పాండవులు కాపురముండిరనియు, ఏడు గుడులలో ఆరింటిని సముద్రము మ్రింగినదనియు చెప్పుదురు. పాండవుల పేరులు తరువాత జనుల నోట వచ్చినవే. 7వ శతాబ్దికి చెందిన పల్లవ నరసింహవర్మకు మామల్లుడను బిరుదుండెను. ఊరి పేరు దానినుండి వచ్చినది. ఏ కట్టడము ఏ రాజు కాలపుదన్న విషయమున పండితులలో నేటికిని వాదము కలదు. సముద్రములో కొన్ని రాళ్ల శిథిలములు ఉన్నట్లు పరిశోధకులు నీటిలో మునిగి చూచి చెప్పినమాట నిజమే. అయినను ఒడ్డున నిలిచినవారికి గాని, పడవనెక్కినవారికి గాని కనబడునదేమియు లేదు. కథలు వినరాదని కాదు, వానికై కాలము పోగొట్టుకొనరాదని మాత్రమే.

ఊరి నడుమ వీధి ప్రక్కనే యున్న మహాశిల్పము వద్ద మాత్రము ఒక గంట కూర్చుండవలెను. ఇంచుమించు 90 అడుగుల వెడల్పు, 40 అడుగులకు పైబడిన ఎత్తు కలిగిన రెండు బండల ముఖముపై నూరుకు మించిన రూపములు చెక్కబడియున్నవి. నడుమ ఒక నెఱియ. అందులో పడగలెత్తిన నాగులు. ఎడమ ప్రక్కన ఒంటికాలిపై నిలిచి చేతులెత్తిన తాపసి. అతనిముందు వరమొసగుచున్న శివుడు. కుడి ప్రక్కన ఏనుగులు, వాని కాళ్ల నడుమ గున్నలు. ఈ తాపసి ఎవరు? పాశుపతమునకై తపస్సు చేసిన అర్జునుడని కొందఱు, గంగను దింపిన భగీరథుడని కొందఱు. నెఱియ పైభాగమున పూర్వము నీటితొట్టి యుండి, నీరు నాగులమీదుగా జారెడిదని భగీరథపక్షమువారు చెప్పుదురు. శివుడు నిలిచి వరమిచ్చు తీరు అర్జునునకే తగునని రెండవ పక్షమువారు.

ఈ ప్రశ్నను పిల్లలముందు పెట్టుడు. ఉత్తరము మీరు చెప్పవలదు. అరణ్యపర్వములోని కిరాతార్జునీయమును, రామాయణ బాలకాండలోని గంగావతరణమును ముందురాత్రి ఇంటిలో కథగా చెప్పియుంచినచో చాలును. వారే సాక్ష్యములు వెదకుదురు. కిరాతుని కథలో అడవిపంది యుండవలెను గదా, ఇందులో అది ఏదీ? నెఱియ ప్రక్కన బట్ట పిండుకొనుచున్న మనుష్యుడు ఏ నది ఒడ్డున నిలిచినాడు? ఇట్టి ప్రశ్నలను పదేండ్ల పిల్లలు సులువుగా వేయుదురు. చిన్నపిల్లలకు ఏనుగు దగ్గఱి పిల్లి చాలును. అదియును తాపసివలెనే ముందుకాళ్లు పైకెత్తి నిలిచి తపస్సు చేయుచున్నది; ఎలుకలు దానిని నమ్మి చుట్టును చేరినవి. ఉద్యోగపర్వమున దుర్యోధనుడు ధర్మరాజును ఎత్తిపొడుచుచు చెప్పి పంపిన దొంగపిల్లి కథ మనవారికి తెలిసినదే. ఆ పిల్లి తపస్సు చేసినది గంగ ఒడ్డుననే యన్నది మఱువరానిది. తాపసి ప్రక్కనే పిల్లిని నిలిపిన శిల్పి హాస్యమును గుర్తించినప్పుడు పిల్లల ముఖములు చూడవలెను.

దానికి దగ్గఱనే కృష్ణమండపము కలదు. గోవర్ధనము నెత్తిన కృష్ణునికంటె, పాలు పితుకుచున్న గొల్లవానిని, దూడను నాకుచున్న ఆవును చూపుడు. కొండమీద దీపస్తంభమునకు సమీపమున మహిషాసురమర్దిని గుహ. ఒక గోడపై సింహవాహనయై యుద్ధము చేయు దుర్గ, ఎదుటి గోడపై శేషశయనుడైన విష్ణువు. ఒకదానిలో కదలిక, మఱొకదానిలో నిశ్చలత. రెండు గోడల నడుమ నిలిచి ఇటు అటు తిరిగి చూడవలెను. ఈ కొండ ఎక్కుట ఉదయమే జరుగవలెను. తొమ్మిది దాటిన పిమ్మట బండ కాలుచుండును.

పూర్తిగాని పనులను చూచుటకు ఎవరును నిలువరు; పిల్లలకు పాఠము చెప్పునవి అవియే. కొండపై సగము తొలిచి విడిచిన గుహలలో శిల్పులు బండ ముఖమును గళ్లుగా విభజించి, గళ్ల చుట్టును గాడులు తొలిచి, నడుమ మిగిలిన దిమ్మలను పగులగొట్టిన గుర్తులు స్పష్టముగా కనబడును. పంచరథములు పైనుండి క్రిందికి చెక్కబడినవి. అందువలననే శిఖరములు పూర్తియై, అడుగుభాగములు మొఱకుగా మిగిలినవి. నకులసహదేవ రథము వెనుక భాగము ఏనుగు వీపువలె గుండ్రముగా నుండును. దానిని గజపృష్ఠాకార మందురు. ప్రక్కనే ఒక రాతి ఏనుగును నిలిపినారు. పేరు చెప్పకుండ రెండింటిని చూపినచో పోలిక పిల్లలకే తట్టును. ద్రౌపదీ రథము పూరిపాక ఆకారము. మన పల్లెలలోని తాటాకు ఇండ్లను చూచిన తాతమ్మలు దీనినే ముందుగా గుర్తింతురు.

సముద్రతీరాలయము దీనికి భిన్నము. అది తొలిచినది కాదు, రాళ్లు పేర్చి కట్టినది. రాజసింహుడను బిరుదుగల రెండవ నరసింహవర్మ కాలమున, 8వ శతాబ్ది తొలినాళ్లలో వెలసినది. ఉప్పుగాలికి అచ్చటి బొమ్మల ముఖములు అరిగిపోయినవి. ముందుగా పంచరథములను, పిమ్మట దీనిని చూపినచో రెండు పద్ధతులకును భేదము తెలియును.

ఇక సముద్రము. ఈ వ్యాసమున అన్నిటికంటె శ్రద్ధగా చదువవలసినది ఈ భాగము. మన పిల్లలలో చాలమందికి ఈత రాదు. వచ్చినవారు చెరువులో గాని, కొలనులో గాని నేర్చినవారు. ఈ తీరపు సముద్రము స్నానమునకు అనువైనది కాదు. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగి పోవలెను గదా. అది కొన్ని చోట్ల ఇఱుకైన కాలువవలె ఏర్పడి మిక్కిలి వడిగా లోనికి పోవును. అట్టి చోట అలలు విఱుగవు. నీరు ప్రశాంతముగా, ఒకింత ముదురు రంగుగా కనబడును. ప్రక్కన నురుగు, నడుమ నెమ్మదియైన నీరు ఉన్నచో, ఆ నెమ్మదియైన చోటే ప్రమాదకరమని పిల్లలకు వ్రేలితో చూపి చెప్పుడు.

ఆ ప్రవాహమున చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదరాదు. ఎంతటి ఈతగానికైనను దానితో పోరుట సాధ్యము కాదు, అలసిపోయి మునుగును. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదినచో ఆ ఇఱుకు ధారనుండి బయటపడవచ్చును. ఈదలేనివాడు వెల్లకిల తేలుచు, చేయి ఎత్తి పిలువవలెను. రక్షింపబోవు తండ్రియో అన్నయో వెంటనే నీటిలో దుముకుట వలన ఒకరికి బదులు ఇద్దఱు పోవుచుందురు. మూత బిగించిన ఖాళీ నీటిడబ్బా, త్రాడు, ఏదైనను తేలు వస్తువును విసరి, దగ్గఱనున్న జాలరులను కేకవేయవలెను. ఐప్పసి, కార్తీక మాసములలో, అనగా ఈశాన్య ఋతుపవన కాలమున, పాదములు తడుపుకొనుటయు పిల్లల చేయి పట్టుకొనియే జరుగవలెను. సెల్ ఫోనులో ఫొటో తీయుచు అలకు వీపు చూపుట ఏ కాలమునందును కూడదు.

మఱొక సంగతి. కర్నల్ మెకంజీ వద్ద పనిచేసిన ఏలూరువాడైన కావలి లక్ష్మయ్య 1803లో ఈ ఊరి కట్టడములనుగూర్చి తెలుగులో ఒక వివరణ వ్రాసెను. 1869లో కార్ అను సైనికోద్యోగి ఈ ఊరినిగూర్చి ప్రకటించిన గ్రంథమున అది చేర్చబడినది. మన పిల్లలు యాత్రనుండి వచ్చి తమ నోటుపుస్తకములో ఒక పుట తెలుగున వ్రాసినచో అది క్రొత్త పని కాదు. ఏ బొమ్మ ఎక్కడ చూచిరో, ఏది అర్థము కాలేదో వ్రాసిన చాలును. తప్పులు దిద్దుటకు మేమున్నాము.

కాలక్రమము ఇట్లుండిన బాగు. ఉదయము 6 గంటలకే ద్వారములు తెరచుదురు గనుక ఏడింటికి పంచరథములు, ఎనిమిదింటికి కొండ, తొమ్మిదిన్నరకు మహాశిల్పము నీడపట్టున, పిమ్మట తీరాలయము. అన్నము ఇంటినుండి తెచ్చుకొనుట మేలు. తిరుగు ప్రయాణమున ఊరికి ఉత్తరముగా 5 కిలోమీటర్లలోనున్న సాలువన్‌కుప్పమున దిగుడు. యాళి తలలు కిరీటమువలె చుట్టిన పులిగుహ అచ్చట కలదు; జనసమ్మర్దము తక్కువ, చెట్ల నీడ ఎక్కువ. దాని సమీపముననే 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట ఇసుక క్రిందనుండి బయల్పడి, 2005 నుండి త్రవ్వబడిన సుబ్రహ్మణ్యస్వామి ఆలయపు శిథిలములున్నవి. పల్లవుల రాతికట్టడము క్రింద అంతకు పూర్వపు ఇటుకల గుడి పునాది కనబడుచున్నది. ఆ ఇటుకల వద్ద పిల్లలు ఎంతసేపు నిలిచినను తొందరపెట్టవలదు. చెన్నై పోవు బస్సులు ఆ రోడ్డుననే సాయంకాలమువఱకు వచ్చుచుండును.