పని ఖాయం చేసుకున్నాకే రైలెక్కండి
వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్లాలనుకునే లబ్ధిదారుల కోసం పాఠం

రాజమండ్రి స్టేషన్‌లో హైదరాబాద్ వెళ్లే గౌతమి, బెంగళూరు వెళ్లే శేషాద్రి ఎక్కేవాళ్లలో పనికోసం వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కొందరి చేతిలో కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ ఉంటుంది. కొందరి దగ్గర ఒక ఫోన్ నంబరు మాత్రమే ఉంటుంది. ఈ పాఠం ఆ రెండోవాళ్ల కోసం.

2014 జూన్ 2 నుంచి హైదరాబాద్ కూడా మనకు వేరే రాష్ట్రమే. కోనసీమ పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది. సరిహద్దు దాటితే కనీస వేతనం మారుతుంది, కొన్ని పథకాలు ఆగిపోతాయి. అందుకే ముందు పని, తర్వాత ప్రయాణం.

1. పని ఎక్కడ వెతకాలి?

• నేషనల్ కెరీర్ సర్వీస్: కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన పోర్టల్. నమోదు ఉచితం. మీకు వచ్చిన పని, వెళ్లాలనుకునే రాష్ట్రం ఎంచుకుని ఖాళీలు చూడొచ్చు. సందేహాలుంటే 1514కి ఫోన్ చేయండి.

• జాబ్ మేళాలు: రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జిల్లాల్లో పెడుతుంది. అక్కడికి వెళ్తే మొదట అడగాల్సింది జీతం గురించి కాదు, "పోస్టింగ్ ఏ ఊళ్లో అండి?" అని. ఇంటర్వ్యూ మన ఊళ్లోనే జరిగినా ఉద్యోగం చెన్నైలో ఉండొచ్చు.

• మనవాళ్లు: తుంగభద్ర నీళ్లు వచ్చినప్పుడు డెల్టా రైతులు కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు వెళ్లి స్థిరపడ్డారు. అక్కడి క్యాంపుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో అయితే మన జిల్లాలవాళ్లు లేని పేట ఉండదు. బంధువుల్ని ఉద్యోగం ఇప్పించమని అడగడం కంటే, "ఈ అడ్రసుకి ఒకసారి వెళ్లి చూసి రా బాబాయ్" అని అడగండి. ఆ ఒక్క సాయం చాలా నష్టాన్ని ఆపుతుంది.

2. కంపెనీ నిజమైనదేనా?

• జీఎస్టీ నంబరు అడగండి. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, ఊరు కనిపిస్తాయి. నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37, తమిళనాడు 33, కర్ణాటక 29. బెంగళూరు బ్రాంచి అని చెప్పి 29 లేని నంబరు ఇస్తే ఎందుకో అడగండి.

• పీఎఫ్ కడుతున్నామని చెబితే, ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు వెతకండి.

• రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అంటూ ముందే డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

3. లెటర్‌లో ఏముండాలి?

"ముందు వచ్చేయండి, ఇక్కడికొచ్చాక మాట్లాడుకుందాం" అంటే ఒప్పుకోవద్దు. కనీసం వాట్సాప్‌లోనైనా రాసి పంపమనండి. ఆరు విషయాలు ఉండాలి:

• పని పేరు, చేసే చోటు పూర్తి అడ్రసు
• నెల జీతం, కోతలు పోను చేతికి వచ్చేది
• రోజుకు ఎన్ని గంటలు, వారానికి సెలవు ఎప్పుడు
• ఓవర్‌టైమ్ రేటు (చట్టం ప్రకారం మామూలు రేటుకు రెండింతలు)
• పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా
• గది, భోజనం కంపెనీదా, మనదా

4. చేతిలో ఎంత మిగులుతుంది?

పెద్ద జీతం అని వెళ్లిపోకండి, కాగితం మీద లెక్క వేయండి. కింది అంకెలు ఉదాహరణకే. మీ అంకెలు పెట్టి మీరే వేసుకోండి.

బెంగళూరులో జీతం 18,000. పీఎఫ్ 1,800 (15,000 మీద 12 శాతం), ఈఎస్ఐ 135 (0.75 శాతం) పోతే చేతికి 16,065. హాస్టల్, భోజనం 8,000, బస్సు, ఫోన్ 1,500 తీసేస్తే మిగిలేది 6,565.

రాజమండ్రిలో ఇంటి నుంచే వెళ్లొచ్చే పనికి జీతం 12,000. పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 90 పోతే 10,470. ఇంట్లో భోజనానికి 3,000, బస్సుకి 1,000 తీసేస్తే మిగిలేది 6,470.

జీతంలో తేడా 6,000. మిగులులో తేడా 95 రూపాయలు. అలాగని వెళ్లొద్దని కాదు. అక్కడ చేతిపని నేర్చుకుంటారా, ఏడాదికి జీతం పెరుగుతుందా అన్నది కూడా చూడండి. అవేమీ లేకపోతే 95 రూపాయల కోసం ఊరు వదలాలా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

5. చట్టం మీకు ఇచ్చేది

వలస కార్మికుల కోసం 1979లో ఒక కేంద్ర చట్టం వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఉంది. అందులో రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, నియామక పత్రం అడిగే హక్కు మీకుంది. రెండు, 10 మంది లేదా అంతకంటే ఎక్కువ అంతర్రాష్ట్ర కార్మికులున్న సంస్థ అయితే, అర్హత ఉన్నవారికి సొంత ఊరికి వెళ్లి రావడానికి ప్రయాణ ఖర్చు ఇవ్వాలి.

ఈ-శ్రమ్‌లో ఇంకా చేరకపోతే వెళ్లేలోపే చేరండి. 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులు చేరొచ్చు. 12 అంకెల నంబరు వస్తుంది, దేశంలో ఎక్కడికి వెళ్లినా అదే నంబరు. హెల్ప్‌లైన్ 14434.

6. వెంట వచ్చే పథకాలు, రానివి

• రేషన్: "ఒకే దేశం ఒకే రేషన్" కింద, జాతీయ ఆహార భద్రత చట్టం పరిధిలోని కార్డుకి ఏ రాష్ట్రంలోనైనా వేలిముద్ర వేసి మీ వంతు బియ్యం తీసుకోవచ్చు. మిగతావాళ్ల వంతు ఇంటి దగ్గర తీసుకుంటారు. మన రాష్ట్రం అదనంగా ఇచ్చే సరుకులు అక్కడ రావు. ఈకేవైసీ ఊళ్లోనే పూర్తిచేసుకోండి. హెల్ప్‌లైన్ 14445.

• వైద్యం: ఆయుష్మాన్ కార్డు ఉంటే దేశమంతా జాబితాలోని ఆసుపత్రుల్లో పనిచేస్తుంది. ఎన్టీఆర్ వైద్యసేవ అయితే ఆ ఊళ్లో ఏ ఆసుపత్రి ఉందో వెళ్లేముందే 104కి ఫోన్ చేసి కనుక్కోండి.

• పిల్లల చదువు: తల్లికి వందనం మన రాష్ట్రంలోని బడుల్లో చదివే పిల్లలకే. పిల్లల్ని అక్కడి బడికి మారిస్తే ఆ డబ్బు రాదు. పైగా ఎన్నేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి రేపు కాలేజీ సీట్లలో స్థానికత లెక్క కూడా మారొచ్చు. అందుకే ముందు ఒక్కరే వెళ్లి కుదురుకుని, విద్యా సంవత్సరం అయ్యాక కుటుంబం సంగతి ఆలోచించడం మంచిది.

• పింఛను: ఇంట్లో పింఛనుదారు ఉండి వారినీ తీసుకెళ్తుంటే, వెళ్లేముందు సచివాలయంలో మాట్లాడండి. చెప్పకుండా వెళ్తే నెలలు గడిచాక ఇబ్బంది వస్తుంది.

7. వెళ్లే వారం ముందు

• టెన్త్ మెమో, ఇతర ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి. డిజిలాకర్‌లోవి, జిరాక్సులు చాలు. ఎవరైనా ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వకండి.
• ఆధార్‌కి లింకైన సిమ్ రీఛార్జి ఆపకండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి.
• పనిచేసే చోటు అడ్రసు, సూపర్‌వైజర్ నంబరు ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి.
• తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు విడిగా ఉంచండి. దాన్ని దేనికీ ముట్టుకోవద్దు.
• అడ్వాన్సు అప్పు పేరుతో కదలనివ్వకపోతే అది వెట్టి, 1976 చట్టం ప్రకారం నేరం. 112కి ఫోన్ చేయండి.

పని కుదరక తిరిగి రావడం నామోషీ కాదు. తిరిగి రావడానికి దారి లేకుండా వెళ్లడమే ప్రమాదం. లెటర్ రాకపోతే టికెట్ ఇంకో వారానికి తీయండి. గౌతమి రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది.