ఒకే మందు అందరికీ ఒకేలా పని చేస్తుందా?



హైడ్రోజన్, హీలియం, లిథియం అంటూ మూలకాల పట్టికను మనమంతా బట్టీ పట్టినవాళ్ళమే. ఆ మూడో మూలకపు లవణం ఒక మానసిక వ్యాధికి మందు అని మాకు మా గదిమిత్రుడి వల్ల తెలిసింది. అతడు వారం రోజులు నిద్రలేకుండా ఆగకుండా మాట్లాడాడు. కొన్ని నెలలకు మంచం దిగడమే మానేశాడు. మేము గాలి సోకిందని తాయెత్తు కట్టించాము. డాక్టరు దాన్ని బైపోలార్ డిజార్డర్ అన్నారు. "ఈ గోళీ నా కొడుక్కు పని చేస్తదా సారూ?" అని వాళ్ళమ్మ అడిగింది. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

మందు కథ: 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ఉన్మాద స్థితిలోని రోగులకు లిథియం ఇచ్చి గుణం కనిపించినట్లు ప్రకటించారు. అయితే సుమారు మూడింట ఒక వంతు మందికే ఇది చాలా బాగా పని చేస్తుంది. మిగతావారిలో కొందరికి కొంత మేలు చేస్తుంది, కొందరికి అసలు పని చేయదు.

ముందే చెప్పగలమా? కచ్చితంగా చెప్పలేము, కొన్ని సూచనలు మాత్రం ఉన్నాయి. రక్తసంబంధీకులకు లిథియం పని చేసి ఉండడం, రెండు విడతల మధ్య రోగి పూర్తిగా మామూలు మనిషి కావడం మంచి సూచనలు. ఏడాదిలో నాలుగు లేక అంతకు మించి విడతలు రావడం, మత్తు అలవాటు ఉండడం అంత మంచివి కావు. 2016లో 2,563 మంది రోగుల జన్యువులను పరిశీలించిన అంతర్జాతీయ బృందం 21వ క్రోమోజోమ్‌లో ఒక భాగానికి దీనితో సంబంధం ఉందని గుర్తించింది. బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు రోగుల రక్తకణాల నుంచి మూలకణాలు తయారుచేసి, వాటిని నాడీకణాలుగా పెంచి పరిశీలిస్తున్నారు. అయినా మందును ఎంచడానికి ఆస్పత్రిలో వాడదగిన జన్యుపరీక్ష ఇంకా రాలేదు.

పాలమూరు వారికి ముఖ్యమైన మాట: లిథియం, సోడియం ఒకే కుటుంబపు మూలకాలు. ఎండలో మట్టిపని చేసి చెమటతో ఉప్పు, నీరు పోతే మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియంనూ పట్టి ఉంచుతాయి. అప్పుడు అదే మోతాదు విషమవుతుంది. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, తూలు, మాట ముద్దకావడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలి. డాక్టరును అడగకుండా నొప్పి గోళీలు మింగరాదు. గోళీ వేసుకున్న 12 గంటలకు రక్తపరీక్ష చేయించాలి. మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలూ అవసరమే.

మా మిత్రుడికి మొదట గుణం కనిపించలేదు. రక్తపరీక్షలో లిథియం దాదాపు లేదని తేలింది. మేము "పిచ్చి గోళీలు" అని నవ్వడంతో అతడు వాటిని పారేస్తున్నాడు. ఆ తర్వాత మేమే రోజూ నీళ్ళ గ్లాసు అందించాము. నెమ్మదిగా తేరుకుని పరీక్షలు రాశాడు.

మందు ఎవరికి పని చేస్తుందో విజ్ఞానశాస్త్రం ఒకనాడు ముందే చెప్పవచ్చు. కానీ ఏ మందైనా కడుపులోకి పోతేనే కదా పని చేసేది! తోటివాడి గోళీని చూసి నవ్వకండి. సాయం కావాలంటే టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి.