కనిపించని మట్టి

ప్రక్రియ: వ్యాసం

ఉద్దేశం: సరుకు వాహనం అడుగుభాగంలో దాగే మట్టి, లవణాలు ఇనుమును ఎలా క్షీణింపజేస్తాయో, వాటిని ఏ క్రమంలో తొలగించాలో తెలియజేయడం.

పాఠ్యభాగం

చిత్తూరు జిల్లా పడమటి భాగాన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువగా ఉన్న మండల కేంద్రం వెంకటగిరికోట. పరిసర గ్రామాలలో టమాట, క్యాబేజీ, బీన్స్ వంటి కూరగాయలు విరివిగా పండుతాయి. వాటిని పొలం గట్టు నుండి మార్కెట్టుకూ, అక్కడి నుండి దూర నగరాలకూ చేరవేసేవి పికప్ వాహనాలు. ఎన్నో కుటుంబాలకు ఈ బండి కంతుల మీద కొనుక్కున్న జీవనాధారం. కంతులు తీరకముందే దాని అడుగు తుప్పుపట్టి పాడైతే ఆదాయం ఆగిపోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుడుతుంది. ప్రాచీన తెలుగులో దీనిని ‘త్రుప్పు’ అన్నారు. తుప్పు మూల లోహం కంటే ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. అందుచేత రంగు పొర ఉబ్బి, పెచ్చులుగా ఊడుతుంది. పొలం దారుల్లోని ఎర్రమట్టి చక్రాల వెంట ఎగసి బండి సందులలో పేరుకొంటుంది. పైకి ఎండినట్లు కనిపించినా, లోపల దినాల తరబడి తేమను నిలుపుకొంటుంది. వాన వెలిసినా ఆ ఇనుముకు వానకాలం ముగియదు.

ఈ తేమకు ఉప్పు తోడైతే నష్టం వేగవంతమవుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది కనుక తుప్పుపట్టే రసాయనిక చర్య త్వరితమవుతుంది. అమెరికా, కెనడా వంటి దేశాలలో శీతకాలంలో మంచు గడ్డకట్టకుండా రహదారులపై ఉప్పు చల్లుతారు. న్యూజెర్సీ, మిషిగన్ రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారు చలికాలంలో కార్ల అడుగుభాగాన్ని తరచుగా కడిగించుకోవడానికి కారణం ఇదే. మన రహదారులపై ఉప్పు చల్లరు. అయినా లవణాంశం మన బండికి వేరే మార్గాలలో చేరుతుంది. పొలాలకు మోసే పొటాష్ ఎరువు పొటాషియం క్లోరైడ్ అనే లవణమే. చిరిగిన బస్తా నుండి రాలిన పొడి గాలిలోని తేమకు కరిగి రేకుల సందులలోకి దిగుతుంది. చెన్నై వంటి తీరప్రాంతాలకు వెళ్ళివచ్చే బండ్లకు సముద్రపు గాలి ఉప్పును అంటిస్తుంది. చితికిన టమాటల పుల్లని రసం కూడా లోహానికి హితం కాదు.

మట్టి దాగే చోట్లు ముఖ్యంగా ఇవి: మడ్‌గార్డుల లోపలి అంచులు, చాసీ కమ్మీల లోపలి వైపు, సరుకు తొట్టి చాసీపై ఆనే సందులు, కమాను కట్టల నడుమ, స్టెప్నీ పైభాగం, తలుపుల అడుగున నీరు కారే రంధ్రాలు. బండి పైభాగం అద్దంలా మెరిసినంత మాత్రాన ఈ చోట్లు శుభ్రమైనట్లు కాదు.

శుభ్రపరచడానికి ఒక క్రమం ఉంది. మొదట తొట్టిలోని ఎరువు పొడిని పొడిగానే ఊడ్చివేయాలి. గట్టిపడిన మట్టిపై నీరు చల్లి కొంతసేపు నాననివ్వాలి. తరువాత కర్రపుల్లతో సందులను కదిలించి, పైనుండి కిందికి నీటిధారతో కడగాలి. జారే నీరు తేటపడేవరకు ఈ పని కొనసాగించాలి. బోరు నీరు ఉప్పగా ఉన్నట్లయితే చివరిసారి మంచినీటితో కడగడం మేలు. రంధ్రాలను పుల్లతో తెరిచి, బండిని కొంచెం ఏటవాలుగా నిలిపితే లోపలి నీరు జారిపోతుంది. పూర్తిగా ఆరిన తరువాతనే తుప్పు నివారణ పూత వేయాలి. తడి మట్టిపై వేసిన పూత తేమను లోపలే బంధిస్తుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కేవలం జాకీపై నిలిపిన బండి కిందికి ఎన్నడూ దూరరాదు. తీవ్రమైన నీటిధారను విద్యుత్ తీగల కలయికలపైనా, చక్రాల బేరింగులపైనా నేరుగా కొట్టరాదు. అడుగున డీజిల్ చల్లడం కొందరి అలవాటు. అది రబ్బరు భాగాలను పాడుచేస్తుంది. నూనె కలిసిన మురుగును చెరువులోకి వదలరాదు. కడిగాక బండిని మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి చూడాలి.

బ్రేకు ద్రవం ప్రవహించే ఉక్కు గొట్టాలు కూడా బండి అడుగునే ఉంటాయి. అవి తుప్పుపట్టి చిట్లితే పోయేది బండి ఒక్కటే కాదు, ప్రాణం కూడా. కాబట్టి పైభాగాన్ని కడగడం అలంకారం. అడుగుభాగాన్ని కడగడం రక్షణ.

కఠిన పదాలు – అర్థాలు

క్షీణింపజేయు = నశింపజేయు
విరివిగా = అధికంగా
కంతు = వాయిదా పద్ధతిలో చెల్లించే సొమ్ము
పెచ్చు = ఊడివచ్చే పొర
హితం = మేలు

భాషాంశాలు

జీవనాధారం = జీవన + ఆధారం (సవర్ణదీర్ఘ సంధి)
లవణాంశం = లవణ + అంశం (సవర్ణదీర్ఘ సంధి)
ఎర్రమట్టి = ఎర్రనైన మట్టి (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం)

ప్రశ్నలు

1. మన ప్రాంతపు వాహనాలకు లవణాంశం ఏయే మార్గాలలో చేరుతుంది? సంగ్రహంగా రాయండి.
2. పికప్ వాహనం అడుగుభాగాన్ని శుభ్రపరిచే క్రమాన్ని, పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
3. “వాన వెలిసినా ఆ ఇనుముకు వానకాలం ముగియదు” – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.