విరిగిన చక్రము

ఎడ్లబండియే పల్లెలకు ప్రధాన వాహనమై యుండిన కాలమున, చక్రమును చేయు వడ్రంగియు దానిని వాడుకొను రైతును సాధారణముగా ఒకే ఊరివారు. చేవగల నల్లతుమ్మ కఱ్ఱను ఎన్నుకొని, కుండకు ఆకులను బిగించి, చక్రమును సిద్ధపఱచుట వడ్రంగి పని. దానిపై ఇనుప పట్టా ఎక్కించుట కమ్మరి పని. కొన్ని నెలలైనను గడువకముందే ఆకు విరిగినచో, రైతు ఆ చక్రమును దొర్లించుకొని వడ్రంగి వాకిటికే పోవును. దోషము కఱ్ఱదా, మితిమీరిన బరువు వేసిన రైతుదా అను విషయమును ఇద్దఱును కలిసి చూచి తేల్చుకొందురు. ఆ పూచీకి కాగితముతో పని లేదు. ఒకరినొకరు ఎఱిగియుండుటయే దానికి ఆధారము.

కర్మాగారములు వెలసిన పిదప ఈ సంబంధము దూరమైనది. మోటారుబండికి చక్రమును ఒక సంస్థ చేయును, బండిని మఱియొక సంస్థ కూర్చును, వర్తకుడు దానిని అమ్మును, కొన్నవాడు నడుపును. చక్రము విరిగి ప్రమాదము జరిగినచో అతడు ఎవరిని అడుగవలెను? వర్తకుడు ఆ చక్రమును చేయలేదు. చేసినవాడు అతనికి దానిని అమ్మలేదు. ఈ చిక్కు విడిపోవుటకు న్యాయస్థానములలో చాలాకాలము పట్టినది.

1842వ సంవత్సరమున ఇంగ్లండులో వింటర్‌బాటమ్ అను బండివాని వ్యాజ్యము విచారణకు వచ్చెను. రైట్ అను నతడు తపాలా బండ్లను సమకూర్చి, వాటిని మరమ్మతులో ఉంచుదునని తపాలాశాఖాధిపతితో ఒప్పందము చేసికొనియుండెను. గుఱ్ఱములను, తోలువారిని ఏర్పాటు చేసినవారు వేఱొక గుత్తదారులు. వారు నియమించిన వింటర్‌బాటమ్ బండిని తోలుచుండగా అది విరిగిపోయెను. అతడు క్రిందపడి కుంటివాడయ్యెను. బండిని సరిగా కాపాడని రైట్ తనకు నష్టపరిహారము ఇయ్యవలెనని అతడు కోరెను. న్యాయమూర్తులు అందుకు సమ్మతింపలేదు. రైట్ మాట యిచ్చినది తపాలాశాఖాధిపతికే గాని బండివానికి గాదనియు, ఒప్పందములో చేరనివాడు దానిని ఆధారముగా చేసికొని అడుగజాలడనియు వారు తీర్పు చెప్పిరి. ఇట్టి వ్యాజ్యములకు తావిచ్చినచో దారిన పోవు ప్రతివాడును దావా వేయునని వారు శంకించిరి.

ఈ తీర్పు సముద్రము దాటి అమెరికాలోని న్యాయస్థానములను గూడ చాలాకాలము ప్రభావితము చేసెను. దాని బలమును తగ్గించినది ఒక మోటారు చక్రము. న్యూయార్కు రాష్ట్రములో సమాధిరాళ్ళు చెక్కి జీవించు మాక్‌ఫర్సన్ అను నతడు బ్యూక్ సంస్థవారి బండిని ఒక వర్తకునివద్ద కొనెను. ఆ దినములలో మోటారు చక్రముల ఆకులను గూడ కఱ్ఱతోనే చేయుచుండిరి. ఒకనాడతడు బండిలో పోవుచుండగా చక్రపు ఆకులు తునుకలై రాలెను. బండి కూలెను. మాక్‌ఫర్సన్ బయటికి విసరివేయబడి గాయపడెను. చక్రమునకు వాడిన కఱ్ఱ నాసిరకమైనదని విచారణలో తేలెను.

బ్యూక్ సంస్థ పక్షమున రెండు వాదములు వినవచ్చెను. తాము బండిని అమ్మినది వర్తకునికే గాని మాక్‌ఫర్సనునకు గాదనునది మొదటిది. చక్రమును తాము చేయలేదనియు, పేరుగల వేఱొక సంస్థనుండి కొంటిమనియు రెండవది. ఆ సంస్థ సరఫరా చేసిన 80,000 చక్రములలో అంతవఱకు ఒక్కటియు చెడు కఱ్ఱతో చేయబడినట్లు బయటపడలేదని, బ్యూక్ సంస్థ పక్షమున మొగ్గిన న్యాయమూర్తి బార్ట్‌లెట్ తన భిన్నాభిప్రాయములో పేర్కొనెను.

1916వ సంవత్సరమున న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో అధిక సంఖ్యాకుల పక్షమున తీర్పు వ్రాసెను. సరిగా చేయకున్నచో ప్రాణములకు ముప్పు తెచ్చు వస్తువును, కొన్నవాడే గాక ఇతరులును వాడుదురని తెలిసియు చేయువాడు, దానిని జాగ్రత్తగా చేయవలసిన బాధ్యత కలవాడని అతడు నిర్ణయించెను. ఆ బాధ్యత ఒప్పందమునుండి పుట్టినది కాదు. బండిని వాడబోనివాడు ఎవడైన ఉన్నచో వాడు వర్తకుడే. అట్టివానిని మాత్రమే రక్షించి, వాడువానిని విడిచిపెట్టు న్యాయము అర్థరహితమని అతని తర్కము. చక్రమును ఇతరులు చేసినను, పూర్తియైన బండిని తన పేరుతో లోకములోనికి పంపునపుడు పరీక్షించుట బ్యూక్ సంస్థ విధి. తగిన పరీక్ష చేసినచో ఆ లోపము తెలిసియుండెడిదనుటకు సాక్ష్యము కలదు. ఆ పరీక్ష జరుగలేదు. కావున మాక్‌ఫర్సనుకే జయము కలిగెను.

తయారీదారులు తామే పూచీపత్రములను ఇచ్చుటయు కలదు. వీటినే నేడు వారంటీ అందురు. అయితే పూచీ యిచ్చు కాగితమే కొన్ని వేళల బాధ్యతను తప్పించుకొను సాధనమయ్యెను. 1955వ సంవత్సరమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున హెన్నింగ్‌సెన్ అను నతడు భార్యకు కానుకగా క్రొత్త ప్లిమత్ కారును కొనెను. పది దినములకే, ఆమె నడుపుచుండగా క్రిందనుండి పెద్ద చప్పుడు వినబడి, స్టీరింగు చక్రము చేతిలో గిఱ్ఱున తిరిగెను. కారు ప్రక్కకు మఱలి గోడను ఢీకొనెను. కారుతో వచ్చిన పూచీపత్రము ప్రకారము, 90 దినములలో లేక 4,000 మైళ్ళలో, ఏది ముందైన అంతవఱకు, చెడిన భాగమును మార్చియిచ్చుటయే తయారీదారు బాధ్యత. మఱి యే పూచీయు లేదని సన్నని అక్షరములలో వ్రాసియుండెను. మనుష్యునికి గాయమైనను ఒక ఇనుప ముక్కను మార్చియిచ్చిన చాలునని దాని భావము. బేరమాడుటకు వీలులేని కొనుగోలుదారునిపై మోపిన అట్టి షరతు చెల్లదని 1960వ సంవత్సరమున ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

భారతదేశమున 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టము అమ్మినవానికిని కొన్నవానికిని నడుమగల బాధ్యతలను నిర్ణయించినది. సామాన్యులు సులభముగా న్యాయము పొందుటకు 1986వ సంవత్సరమున వినియోగదారుల రక్షణచట్టము వచ్చెను. దాని స్థానమున 2019వ సంవత్సరపు చట్టము 2020 జూలై నుండి అమలులోనికి వచ్చినది. లోపముగల వస్తువువలన హాని కలిగినచో తయారీదారు నేరుగా జవాబుదారి యగునని ఈ క్రొత్త చట్టము స్పష్టముగా చెప్పుచున్నది.

చట్టము ఎంత మంచిదైనను, దానిని వినియోగించుకొనుటకు తెలివియు ఓర్పును కావలెను. నేటి కార్లకు ఉక్కు చక్రములు గాని, అల్యూమినియము మిశ్రలోహపు పోత చక్రములు గాని ఉండును. పోతపోయునపుడు లోహములో సన్నని రంధ్రములు మిగిలినచో టైరులోని గాలి కొద్దికొద్దిగా తగ్గిపోవును. చక్రము గుండ్రదనము తప్పినచో వేగము పెరిగినపుడు స్టీరింగు అదరును. ఒక్కొక్కప్పుడు దెబ్బ తగులకయే బీట కనబడును. ఇవి తయారీలోని లోపములు కావచ్చును. గుంతలో పడి అంచు నొక్కుకొనిపోవుట, కాలిబాట గట్టుకు రాచుకొనుట మున్నగునవి వాడుకలో కలిగినవి. సాధారణముగా పూచీ వీటికి వర్తింపదు. టైర్లకు మాత్రము పెక్కుసార్లు టైర్ల సంస్థయే వేఱుగా పూచీ యిచ్చును.

కావున లోపము కనబడిన వెంటనే కారును వాడుట మాని, చక్రమును పరీక్షింపజేయవలెను. గాలి నింపిన చక్రమును నీటిలో ముంచినచో రంధ్రమున్న చోట బుడగలు లేచును. యంత్రముపై త్రిప్పి, ముల్లుగల కొలత సాధనమును అంచునకు తాకించినచో వంకర ఎంతయో తెలియును. పరీక్ష కాకముందే బీటను అతికించుట గాని, వంకరను సుత్తితో కొట్టించుట గాని తగదు. అట్లు చేసినచో సాక్ష్యము చెడిపోవును. కొనుగోలు రసీదు, పూచీపత్రము, సర్వీసు చేయించిన వివరములు, చక్రపు ఛాయాచిత్రములు సిద్ధముగా ఉంచుకొని, అధికారపూర్వకమైన విక్రయశాలలో వ్రాతమూలముగా ఫిర్యాదు ఇచ్చి, దాని ప్రతిని పుచ్చుకొనవలెను. అది దెబ్బవలన కలిగిన లోపమని వారు నిరాకరించినచో, ఆ కారణమును గూడ వ్రాతమూలముగా కోరవలెను. నోటిమాటకు సాక్ష్యముండదు.

అప్పటికిని పని జరుగనిచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమును సంప్రదింపవచ్చును. వివాదమునకు కారణము ఏర్పడిన రెండు సంవత్సరములలోగా జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. న్యాయవాదిని పెట్టుకొనక తన విషయమును తానే చెప్పుకొను హక్కు అచ్చట కలదు. అవసరమైనచో కమిషను ఆ వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేయును. లోపము ఋజువైనచో దానిని సవరింపుమనియో, వస్తువును మార్చి యిమ్మనియో, వెల తిరిగి చెల్లింపుమనియో, నష్టపరిహారము ఇమ్మనియో ఆజ్ఞాపింపగలదు.

ఒకే లోపము అనేక బండ్లలో ఉన్నచో ఒక్కనికి చక్రమును మార్చియిచ్చుట చాలదు. అట్టి సందర్భమున ఆ రకపు బండ్లనన్నింటిని వెనుకకు రప్పించి సరిచేయుమని తయారీదారుని ఆజ్ఞాపించు అధికారమును, 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. కావున ఒకడు ఓర్పుతో చేసిన ఫిర్యాదు అతనికి చక్రమును మాత్రమే తెచ్చిపెట్టదు. అతడెన్నడును చూడని మఱియొకని ప్రాణమును గూడ కాపాడవచ్చును.

పూచీపత్రము తయారీదారు చూపు దయ కాదు. అతడు తీర్పవలసిన ఋణము. అట్లే, తన అజాగ్రత్తవలన విరిగిన చక్రమును తయారీలోపమని చూపి క్రొత్తదానిని పొందజూచుటయు న్యాయము కాదు. చేయువాడు పరీక్షించి చేయవలెను. వాడువాడు సత్యము చెప్పి అడుగవలెను. నేటి విద్యార్థులలో కొందఱు రేపు చక్రములను చేయువారగుదురు. అందఱును వాటిపై ప్రయాణించువారే అగుదురు.