గుండె గోడకు చిల్లు: క్యాథెటర్‌తో మరమ్మతు

మదర్ థెరిసాకు 1996 నవంబరులో యాంజియోప్లాస్టీ చేసింది కోల్‌కతాలోని బి.ఎం. బిర్లా హార్ట్ రీసెర్చ్ సెంటర్‌లో. అది పూడుకున్న రక్తనాళాన్ని తెరిచే చికిత్స. 1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ దీనికి నాంది పలికాడు. గుండెపోటుతో కండరమే చిరిగితే చేసే మరమ్మతు వేరు. పరీక్ష రాసే అభ్యర్థులు ఈ రెండింటినీ కలిపేయకూడదు.

రక్తం అందక చచ్చుబడిన కండరం మెత్తబడి, సాధారణంగా గుండెపోటు తర్వాత మొదటి వారంలోనే, రెండు జఠరికల మధ్య గోడకు చిల్లు పడవచ్చు. ఎడమ జఠరికలో పీడనం ఎక్కువ. అందుకే శుద్ధి అయిన రక్తం కుడివైపుకు దూకి, తిరిగి ఊపిరితిత్తులకే చేరుతుంది. శరీరానికి అందేది తగ్గిపోతుంది. ఇది అరుదే అయినా, మూయకపోతే బతికేవారు చాలా తక్కువ.

ఇలాంటి చిల్లును 1956లో శస్త్రవైద్యుడు డెంటన్ కూలీ ఛాతీ తెరిచి మూశాడు. ఛాతీ కోయకుండా క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో మూసిన ఫలితాలను 1988లో జేమ్స్ లాక్ బృందం ప్రకటించింది. తొడ, మెడ రక్తనాళాల గుండా తీగ పంపి, చిల్లు దాటించి, దానిమీదుగా ముడుచుకున్న జాలీ పరికరాన్ని తీసుకెళ్తారు. లోపల వదలగానే అది గోడకు రెండువైపులా బిళ్లల్లా విచ్చుకుంటుంది. కారణం నిటినాల్ అనే నికెల్–టైటానియం మిశ్రమలోహం. దానికి ఆకార స్మృతి ఉంది. ఇది తప్పక గుర్తుంచుకోండి.

అసలు చిక్కు సమయంతోనే. తొలిరోజుల్లో చిల్లు అంచులు మెత్తగా ఉండి పరికరాన్ని పట్టి ఉంచలేవు; గట్టిపడేదాకా ఆగితే రోగి తట్టుకోలేకపోవచ్చు.

ఇదే రంగంలో గుర్తుంచుకోవాల్సిన మరో అంశం: రక్తనాళాన్ని తెరిచి ఉంచే కలాం–రాజు స్టెంట్ రూపకర్తలు ఏపీజే అబ్దుల్ కలాం, హైదరాబాద్ హృద్రోగ నిపుణుడు డాక్టర్ బి. సోమరాజు.